తిరగేసిన వైపు

బరంపురం కళ్యాణ మండపంలో
పెళ్లి లేని వారం.
పీటలుండే చోట పొడుగాటి బల్లబాట వేశారు.
ర్యాంపట.
వెనక వంటపాకలో, పప్పు గంగాళాల పక్కన
నా ఇస్త్రీ బల్ల.
చింతబొగ్గులు రాజేసుకుని
ఐదు రోజులు అక్కడే నిలబడ్డాను.

ఏ బట్టనైనా ముందు తిరగేస్తాను.
మొహం మీద పెట్టె పెట్టకూడదు,
మా అయ్య చెప్పిన మాట.
అందుకే ఊరంతా కుర్చీల్లోంచి చూసిన బట్టల్ని
నేను లోపలివైపు నుంచే చూశాను.

పాణిగ్రాహి మేడం బట్టలు
జిప్పు సంచుల్లో, నెంబర్లతో,
నిద్రపోతున్నట్టు వచ్చాయి.
దారం కొస ఒక్కటి వేలాడదు.
అతుకు అతుకుకీ పట్టీ.
ఇరవై ఏళ్లుగా ఇదే పనట ఆవిడకి.
తిరగేసి కట్టుకుని బజారుకెళ్లినా
ఎవరూ తప్పు పట్టరు.

పర్లాకిమిడి గుంట కుముదది వేరే వరస.
మూడు బియ్యం గోనెల్లో తెచ్చింది అంతా.
వాళ్లమ్మ పట్టుచీర అంచు కోసి,
మగపిల్లాడి చొక్కాకి
వెన్ను మీద నిలువునా దింపింది.
పైకి చూస్తే కుంభాలు,
గుడి మీద గుడి మెడ దాకా ఎక్కుతున్నట్టు.
లోపల
ఎక్కడ పడితే అక్కడ పిన్నులు,
పెన్నుతో రాసిన ఎవరిదో ఫోన్ నెంబరు,
ఎర్రదారం అయిపోయిన చోట నీలం.
"మౌసా, తిరగేసి సూడకు" అంది.
"సూడకపోతే కాలిపోద్దమ్మా" అన్నాను.

మూడో రోజు సాయంత్రం
గోపాలపురం వైపు నుంచి గాలి లేచింది.
ఉప్పుగాలికి పట్టు ఒళ్లు బరువెక్కింది.
కరెంటు పోయింది.
జనరేటరు ర్యాంపు దీపాలకే సరిపోయింది,
ఆవిరి ఇస్త్రీలు నాలుగూ
నోళ్లు మూసుకుని కూర్చున్నాయి.

అప్పుడు చూడాలి నా బల్ల ముందు లైను!
రేషన్ కొట్టు నయం.
నిన్నటిదాకా బొగ్గు కంపని ముక్కు మూసుకున్న
కటక్ కుర్రాడు విసనకర్ర అందుకున్నాడు.
ఎవరు పెద్ద, ఎవరు కొత్త అని నేనడగలేదు.
ముందొచ్చినవాళ్లది ముందు.
ముందు కుముద.
వెనక పాణిగ్రాహి మేడం,
రెండు చేతుల మీదా తెల్లపట్టు మోసుకుని.

చొక్కా తిరగేశాను.
ఎవరో ఫోన్ లైటు పట్టారు.
మేడం వంగింది. నీలం దారం చూసింది,
అక్కడే అతుకు విడుతోందనీ చూసింది.
నేను పెట్టె పైకెత్తి ఆగిపోయాను.

ఏమీ అనలేదావిడ.
తెల్లపట్టు కటక్ కుర్రాడి చేతిలో పెట్టి
కొప్పులోంచి సూది తీసింది.
దారం కోసం చెయ్యి చాపితే
కుముద దగ్గరున్నది ఆ నీలమే.
నాలుగు కుట్లు. పంటితో తెంపింది.
పిల్ల బిగుసుకుని నిలబడింది;
సంతోషమో మరేమిటో
ఆ వెలుతుర్లో నాకు అందలేదు.

ఆట అయ్యాక టీ తాగుతూ చెప్పింది:
"అడక్కుండా ఏసీసింది మౌసా.
ఇంటికెళ్లి ఆ నాలుగూ ఇప్పీసి
మళ్లీ నానే ఏసుకుంతాను."
కాసేపాగి,
"ఎలగేసిందో ముందు సరిగ్గా సూసుకుని" అంది.

ఆ చొక్కా నడవడం
తెర సందులోంచి చూశాను.
నాకు వీపే కనిపిస్తుంది ఎప్పుడూ.
గుళ్లన్నీ దీపాల్లోకి వెళ్లిపోతున్నాయి,
అవతల చప్పట్లు.
ఎడమ భుజం కింద, మూడో కుంభం దగ్గర
చిన్న మడత.
హడావుడిలో పెట్టె అంచు తగలని చోటు.

అది కుముదది కాదు, మేడంది కాదు.
ఎవరూ చూడలేదు కూడా.

సోమవారం మళ్లీ కోర్టుపేట ప్లీడర్ల నల్లకోట్లు.
తిరగేస్తున్నాను,
ఎడమ భుజం కింద
రెండుసార్లు పెడుతున్నాను.